రెండు చక్రాల బండి ఎందుకు పడదు?

మా కోలారు జిల్లా అంటే అందరికీ బంగారు గనులే గుర్తుకొస్తాయి. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 2013లో ఇదే జిల్లా నరసాపురలో హోండా కంపెనీ బండ్ల ఫ్యాక్టరీ మొదలయింది. మా మామ కూడా రోజూ పనికి హైవే మీద బండిలోనే పోతాడు. మరి రెండే చక్రాలున్న బండి ఎందుకు పడదు?

1817లో జర్మనీలో కార్ల్ ఫన్ డ్రైస్ చెక్కతో రెండు చక్రాల బండి చేశాడు. పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. కానీ ముందు చక్రాన్ని తిప్పడానికి హ్యాండిల్ ఉంది. అసలు సంగతంతా అక్కడే ఉంది. అరచేతిలో చీపురుకట్ట నిలబెట్టి ఆడుకుంటాం కదా, అది ఎటు వాలితే చెయ్యి అటు జరుపుతాం. బండి కూడా అంతే. ఎడమకు వాలితే హ్యాండిల్ ఎడమకు తిరగాలి, అప్పుడు చక్రాలు బరువు కిందికి వస్తాయి. హ్యాండిల్‌ను కదలకుండా కట్టేస్తే ఎంత వేగంగా పోయినా పడాల్సిందే. 1885లో డైమ్లర్ ఇంజను బండి చేసి, చిన్నపిల్లల సైకిలుకు పెట్టినట్టు పక్కల రెండు చిన్న చక్రాలు పెట్టాడు!

చక్రాలు బొంగరంలా తిరగడం వల్లే బండి నిలుస్తుందని చాలామంది అంటారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆయన, వెనక్కి తిరిగే ఇంకో చక్రం తగిలించి ఆ బలాన్ని పోగొట్టి చూశాడు. అయినా సైకిలు తొక్కగలిగాడు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది మలుపు. వేగంగా పోతూ ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ ముందు కొంచెం కుడికి తిరగాలి. అప్పుడు చక్రాలు కుడికి జరుగుతాయి, బండి ఎడమకు వాలుతుంది, ఆ తర్వాతే ఎడమకు మళ్లుతుంది. విమానం చేసిన రైట్ సోదరులకు సైకిళ్ల అంగడి ఉండేది. వాళ్లలో విల్బర్ ఇది గమనించాడు. తొక్కేవాళ్లను అడిగితే, ఎడమకే తిప్పుతాం అని చెప్పేవాళ్లట.

మా మామా అదే అన్నాడు. ఎడమ అరచేతితో ఎడమ పిడిని మెల్లగా ముందుకు నెట్టి చూడు మామా అన్నాను. ఖాళీ రోడ్డు మీద నెట్టి చూశాడు. బండి ఎడమకే పోయింది.

హైవేలో కుక్క అడ్డం వస్తే ఆలోచించే టైము ఉండదు. భయంతో హ్యాండిల్‌ను బిగబట్టుకుంటే బండి వాలదు, వాలకపోతే తిరగదు, నేరుగా పోయి గుద్దుకుంటుంది. అందుకే మామ ఇప్పుడు ఆదివారాలు ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో, హెల్మెట్ పెట్టుకుని పిడి నెట్టడం అలవాటు చేసుకుంటున్నాడు.