మాధ్యమానికి రెండర్థాలు

తెలుగులో ‘మాధ్యమం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. పాఠం ఏ భాషలో చెబుతారో అది బోధనా మాధ్యమం. ఆ పాఠాన్ని మోసుకొచ్చే రేడియో, టెలివిజన్, నేటి సెల్‌ఫోన్ ప్రసార మాధ్యమాలు. ఉన్నత విద్యలో సాంకేతిక సాధనాల గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండో అర్థం దగ్గరే ఆగిపోతారు. అయితే గత అర్ధశతాబ్దపు చరిత్రను పరిశీలిస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఈ రెండు మాధ్యమాలూ కలిసి నడిచినప్పుడు చదువు సామాన్యుని గడపదాకా వచ్చింది. విడిపోయినప్పుడు ఉన్నవాడి ఇంట్లోనే ఉండిపోయింది.

ప్రసారాల ద్వారా విశ్వవిద్యాలయ విద్య అనే ఆలోచన బలపడింది బ్రిటన్‌లో. 1963లో లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ ‘ఆకాశ విశ్వవిద్యాలయం’ కావాలన్నాడు. గని కార్మికుని కూతురైన జెన్నీ లీ మంత్రిగా ఉండి దాని కోసం పట్టుబట్టింది. 1969లో అది ఏర్పడేనాటికి పేరులో ‘ఆకాశం’ పోయి ‘ఓపెన్ యూనివర్సిటీ’ అయింది. ఈ మార్పు కేవలం పేరుకు సంబంధించినది కాదు. బి.బి.సి. ప్రసారాలు ఉన్నప్పటికీ, చదువు భారాన్ని ప్రధానంగా మోసినవి పోస్టులో వచ్చే అచ్చు పాఠాలు, వాటిని దిద్ది చెప్పే ట్యూటర్లు. ఆ విద్యార్థుల్లో అత్యధికులకు ఇంగ్లీషు ఇంటిభాష. అందువల్ల అక్కడ మొదటి మాధ్యమం సమస్యే కాలేదు. ఆ నమూనాను మనం తెచ్చుకున్నప్పుడు మరిచిపోయింది సరిగ్గా ఈ విషయాన్నే.

మన దేశంలో తొలి పెద్ద ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలైన ‘సైట్’. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు ఏడాదిపాటు టెలివిజన్ పాఠాలు వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలకు అవి తెలుగులో అందాయి. పిల్లలకు పాఠాలతోపాటు పంతుళ్లకు సైన్సు బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు. పత్రికల నోరు నొక్కిన ఎమర్జెన్సీ కాలంలోనే పల్లెకు టెలివిజన్ రావడం ఒక వైరుధ్యం. పల్లె వినగలిగింది గాని తిరిగి అడగలేకపోయింది. ఏడాది తిరగగానే ఉపగ్రహం తన దారిన పోయింది.

కళాశాల విద్యలో అసలు మలుపు 1982 ఆగస్టు 26న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. 1991లో దీనికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ చదవనివారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీ తలుపు తెరిచింది. తెలుగు పాఠ్యపుస్తకం, రేడియో పాఠం, ఊరి దగ్గర అధ్యయన కేంద్రం, ఆదివారం తరగతి దాని సాధనాలు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ కళాశాల పుస్తకాలూ పారిభాషిక పదాలూ సిద్ధం చేసి ఉండకపోతే ఇది ఇంత సులభమయ్యేది కాదు.

రెండేళ్ల తర్వాత, 1984 ఆగస్టు 15న, యు.జి.సి. దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రారంభించింది. చిన్న పట్టణాల డిగ్రీ విద్యార్థికి మంచి బోధన అందించాలన్నది దాని లక్ష్యం. సాధనం ఇన్‌శాట్ ఉపగ్రహం. భాష మాత్రం ప్రధానంగా ఇంగ్లీషు. ఎవరి కోసం ఉద్దేశించారో వారికే అర్థంకాని పాఠం అది. ఖరీదైన సాధనం ఆకాశంలో ఉండగా, చవకైన పుస్తకం నేలమీద పని చేసింది.

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను, 2017లో ‘స్వయం’ను తెచ్చారు. ఆ 2017–18లోనే జాతీయ నమూనా సర్వే గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ ఉన్నవి సుమారు 15 శాతమని తేల్చింది. 2020లో కరోనా వచ్చి కళాశాలలన్నీ తెరమీదికి మారినప్పుడు ఈ లెక్క మనుషుల రూపం ధరించింది.

నేను బడిపంతుల్ని. ఆ ఏడాది నా పూర్వ విద్యార్థి ఒకడు, డిగ్రీలో అర్థశాస్త్రం చదువుతున్నవాడు, మా ఇంటికి వచ్చాడు. వాడి దగ్గర ఫోనుంది, సిగ్నల్ ఉంది. “మూడుసార్లు చూశాను సార్, బొమ్మ కనబడుతోంది గాని పాఠం కనబడటం లేదు” అన్నాడు. తెలుగు ఎం.ఏ. చదివిన నేను ఆ పాఠం వాడికి చెప్పలేకపోయాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

ఇంగ్లీషు లేకుండా ఉద్యోగం రాదు కదా అని కొందరు మిత్రులంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. కాని ఇంగ్లీషు నేర్చుకోవడం వేరు, ఇంగ్లీషు రానందువల్ల అర్థశాస్త్రాన్నే కోల్పోవడం వేరు. మొదటిది హక్కు, రెండోది శిక్ష.

నేడు యంత్రాలే తెలుగులోకి అనువదిస్తున్నాయి. మంచిదే, వాడుకుందాం. అయితే గిరాకీ అంటే ఏమిటో టమాటా రైతు బతుకునుంచి చెప్పాలంటే ఆ బతుకు తెలిసినవాడు కలం పట్టాలి. సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తెలుగులో పాఠాలు రాసిన అధ్యాపకులను మన విమర్శ వచన రచయితలుగా పట్టించుకోలేదు. కథకూ కవితకూ ఇచ్చిన గౌరవంలో కొంతైనా పాఠానికి ఇవ్వనంతకాలం, సాధనం ఎంత కొత్తదైనా, వినేవాడు మాత్రం పాతవాడే అవుతాడు. కొత్త వినేవాణ్ణి తయారుచేసే పని రచయితలదీ, సాహిత్య విద్యార్థులదీ కూడా.