ఒకే 80 పౌండ్లు, రెండు తలుపులు

బ్రిటన్‌లో వలస అప్పీలు ఫీజుల చరిత్ర అంటే ముందుగా పౌండ్ల లెక్కే గుర్తొస్తుంది. కానీ జనం రాత మార్చింది అంకెలకంటే చట్టంలోని నిర్వచనాలే.

విల్సన్ కమిటీ సిఫారసులతో వచ్చిన 1969 చట్టం వలసదారులకు అప్పీలు వ్యవస్థను ఏర్పరిచింది. 1993లో సందర్శకులు ఆ హక్కు కోల్పోయారు. 2000 అక్టోబరులో అది 'కుటుంబ సందర్శకుల'కు మాత్రం తిరిగొచ్చింది, ఫీజును వెంటబెట్టుకుని. కాగితాల మీదే తేల్చుకుంటే 150 పౌండ్లు, నోటి విచారణ కోరితే 500. విమర్శలు రావడంతో 2001 జనవరిలో వాటిని 50, 125కు దించారు. 2002 మేలో ఫీజు పూర్తిగా ఎత్తేశారు.

ఫీజు పోయింది, నిర్వచనం నిలిచింది. 'కుటుంబం' అంటే ఎవరు? 2003 నిబంధనల్లో బాబాయిలు, మేనమామలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు కూడా ఉన్నారు. 2012 జులైలో వాళ్లందరినీ తీసేశారు. మేనమామను ఇంటిమనిషిగానే చూసే తెలుగువారికి ఇది ఎంత ఇరుకైన కుటుంబమో చెప్పనక్కర్లేదు. 2013 జూన్‌కల్లా ఆ హక్కే దాదాపు కనుమరుగైంది.

ఈలోగా 2007 ట్రైబ్యునళ్ల చట్టం ఇచ్చిన అధికారంతో 2011 డిసెంబరు 19న వలస అప్పీళ్లకు కొత్త ఫీజుల ఉత్తర్వు అమల్లోకొచ్చింది. విచారణ లేకుండా తేల్చడానికి అప్పీలుదారు ఒప్పుకుంటే 80 పౌండ్లు, ఒప్పుకోకపోతే 140. అంటే, జడ్జి ఎదుట మాట్లాడతానంటే ధర పెరుగుతుంది. దేశం నుంచి పంపేసే నిర్ణయాల మీద, పౌరసత్వ రద్దు మీద వేసే అప్పీళ్లకు ఫీజు లేదు. ఆశ్రయార్థిగా సర్కారు సాయం అందుకుంటున్నవారికీ, న్యాయసహాయం ఉన్నవారికీ మినహాయింపు ఇచ్చారు. అప్పట్లో పేదవాడైతే చాలేది కాదు, ఆ పేదరికాన్ని మరో చట్టం ముందే గుర్తించి ఉండాల్సి వచ్చేది.

2016 అక్టోబరు 10న ఫీజులు ఒక్కసారిగా 490, 800 పౌండ్లకు ఎగబాకాయి. ఏడు వారాలైనా గడవకముందే, నవంబరు 25న, ప్రభుత్వం వెనక్కి తగ్గి పాత రేట్లకు వచ్చింది, అదనంగా వసూలు చేసిన సొమ్ము తిరిగిచ్చింది. మరుసటి ఏడాది జులైలో, కార్మిక సంఘం యూనిసన్ వేసిన కేసులో, సుప్రీంకోర్టు ఉద్యోగ ట్రైబ్యునళ్ల ఫీజులను కొట్టేసింది. న్యాయస్థానం గడప తొక్కనివ్వని ఫీజు చట్టబద్ధం కాదని తేల్చింది.

అయితే గడప దగ్గర రుసుం తగ్గించినంత మాత్రాన లోపలికి దారి ఉన్నట్టు కాదు. ఏ నిర్ణయం మీద అప్పీలు చేయొచ్చో 2014 వలస చట్టం కుదించింది. ఆశ్రయం, మానవ హక్కుల వంటి కొద్ది కారణాలే మిగిలాయి. చదువు, ఉద్యోగ వీసాల పొడిగింపు అందని మనవాళ్లకు సాధారణంగా దక్కేది పాలనాపరమైన పునఃపరిశీలన. దాని ఫీజూ 80 పౌండ్లే. అప్పీలులో ఆ 80 పౌండ్లు కాగితాన్ని జడ్జి బల్ల మీదికి చేరుస్తాయి. ఇక్కడ, కాదన్న శాఖకే తిరిగి పంపుతాయి.