ఇప్పపువ్వు: భద్రాచలం మన్యంలో తిండి, మందు, మంత్రం

ఖమ్మం, భద్రాచలం అడవుల్లో కోయ గిరిజనులు ఏరుకునే పువ్వు ఇది. చెట్టు శాస్త్రనామం మధుకా లాంగిఫోలియా. బయటివాళ్లకు దీని సారా గురించే ఎక్కువ తెలుసు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి విచ్చిన పూలు తెల్లవారేసరికి రాలతాయి. చెట్టు కింద ముందే ఊడ్చిన నేల మీంచి గంపలకెత్తి, ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా ఎండబెడతారు. ఎండుపువ్వు కిస్‌మిస్‌లా జిగటగా, తియ్యగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం చక్కెరలే. ఒంటికి వెంటనే సత్తువ వస్తుంది గానీ పప్పు, జొన్న తోడైతేనే పోషణ. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో, పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో నడిచిన ‘గిరిపోషణ’ పోషకాహార పథకానిది ఆ దారే. గింజల నూనె వంటకూ, కీళ్లనొప్పులకు మర్దనకూ పనికొస్తుంది. మర్దనతో పోని జబ్బు చేస్తే ఊరి వైద్యుడు మూలిక ఇస్తూనే మంత్రం వేస్తాడు. మంత్రం రోగికి ధైర్యమిస్తుందేమో. మన్యం మలేరియాకు మాత్రం రక్తపరీక్ష, మాత్రలే దిక్కు.