ఒక దేశం, రెండు దినార్లు

1993 మే నెలలో బాగ్దాద్‌లోని ఇరాక్ కేంద్ర బ్యాంకు పాత 25 దినార్ల నోటును రద్దు చేసింది. కొద్ది రోజుల గడువిచ్చి, సరిహద్దులు మూసేసి, ఈలోగా మార్చుకోండి అంది. ఉత్తరాన కుర్దుల ప్రాంతం అప్పటికే బాగ్దాద్ చేతిలో లేదు. అక్కడివాళ్ళకు నోట్లు మార్చుకునే దారే లేదు. చట్టం లెక్కన వాళ్ళ పెట్టెల్లో ఉన్నవన్నీ చిత్తుకాగితాలైపోయాయి. అయినా వాళ్ళు వాటిని పారేయలేదు. వాటితోనే కొన్నారు, అమ్మారు, కూలి ఇచ్చారు. పదేళ్ళు అలాగే నడిచింది. ఏ కేంద్ర బ్యాంకు పూచీ లేని ఆ నోటు, బాగ్దాద్ పూచీ ఉన్న కొత్త నోటు కంటే గట్టిగా నిలిచింది. 2003లో రెండింటినీ తీసేసి మూడో నోటు తెచ్చినప్పుడు ఒక పాత దినారుకు 150 బాగ్దాద్ దినార్ల విలువ కట్టారు.

నేను బ్యాంకులో క్యాషియరుగా చేరి మేనేజరుగా రిటైరైనవాణ్ణి. ఉద్యోగం చాలావరకు కడప జిల్లాలోనే. యుద్ధానికి దిగిన దేశం ఆంక్షల మధ్య కోలుకుంటుందా అన్న చర్చ ఎక్కడ విన్నా నా మనసు ఈ రెండు నోట్ల దగ్గరికే పోతుంది. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు ఇరాక్ మొత్తానికీ వర్తించాయి. ఉత్తరానికి వాటితోపాటు బాగ్దాద్ పెట్టిన దిగ్బంధం కూడా అదనం. రెండు పోట్లు తిన్న చోట డబ్బు నిలబడి, ఒక పోటు తిన్న చోట ఎందుకు కూలింది?

కారణం అచ్చు యంత్రం. పాత నోట్లను బ్రిటన్‌లో డి లా ర్యూ కంపెనీ అచ్చువేసేది. వాటి అచ్చు పలకలు స్విట్జర్లాండ్‌లో తయారయ్యాయని జనం వాటిని స్విస్ దినార్లనేవారు. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. నాలుగు రోజులకే భద్రతా మండలి 661వ తీర్మానంతో ఇరాక్ వ్యాపారమంతా ఆపేసింది. బయటి నుంచి నోట్లు రావడం కూడా ఆగిపోయింది. బాగ్దాద్ తానే అచ్చువేయడం మొదలుపెట్టింది. మామూలు కాగితం, నాసిరకం రంగు, మీద సద్దాం బొమ్మ. దొంగనోటుకూ అసలు నోటుకూ తేడా పట్టడం కష్టం. పైగా అచ్చుకు హద్దు లేదు. 1991 చివర చలామణిలో ఉన్న నగదు 2,200 కోట్ల దినార్లు. నాలుగేళ్ళకు అది 58,400 కోట్లయింది. ఆ కాలంలో ధరలు సగటున ఏడాదికి 250 శాతం పెరిగాయి. ఉత్తరాన ఉన్న పాత నోట్లను ఎవరూ కొత్తగా అచ్చువేయలేరు. పలకలు బాగ్దాద్ దగ్గర లేవు, కుర్దుల దగ్గరా లేవు. నోట్లు నలిగి చిరిగి తగ్గడమే తప్ప పెరగడం లేదు. వాటి విలువ నిలబడింది అందుకే.

దీన్నిబట్టి ఆంక్షలు దెబ్బ తీయలేదని నేను అనడం లేదు. తీశాయి, ఘోరంగా తీశాయి. కువైట్ మీదికి పోకముందు ఇరాక్ రోజుకు 35 లక్షల బారెళ్ళ దాకా చమురు తీసేది. 1991లో అది మూడు లక్షల చిల్లరకు పడిపోయింది. టర్కీ మీదుగా పోయే పైపులైను, సౌదీ మీదుగా పోయేది, రెండూ బంద్. తిండిలో మూడింట రెండొంతులు దిగుమతే. అంతకుముందే ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు యుద్ధం చేసి మెడలోతు అప్పుల్లో ఉన్న దేశం అది. రాబడి ఆగిపోయినా సైన్యానికి, పోలీసులకు, వేగులకు జీతాలివ్వడం ఆపలేదు. లోటంతా నోట్లతో పూడ్చారు. ఆంక్షలు ఖజానాకు కొట్టిన గండిని ఆ ప్రభుత్వం జీతగాళ్ళ జేబుల్లోంచి పూడ్చుకుందన్నమాట.

అధికారిక లెక్కలో ఒక దినారుకు మూడు డాలర్ల పైమాటే. ఆ లెక్క పుస్తకాల్లో చివరిదాకా అలాగే ఉండిపోయింది. బజారులో 1995 చివరికి ఒక డాలరుకు సుమారు 3,000 దినార్లు పలికింది. ఆ ఏడు వచ్చిన 250 దినార్ల నోటే చాలాకాలం చేతుల్లో తిరిగిన పెద్ద నోటు. చిన్న కొనుగోలుకైనా కట్టలు మోయాలి. పూటకో ధర మారుతుంటే, ఆ నాసి కాగితాల కట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి సాయంత్రానికి క్యాష్ టాలీ చేయాల్సిన బాగ్దాద్ కౌంటరు గుమాస్తాను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అతని నెల జీతం రెండు మూడు డాలర్లు. పంతుళ్ళదీ అంతే. పగలు బడిలో పాఠం చెప్పి సాయంత్రం టాక్సీ తోలారు. శుక్రవారం ముతనబ్బీ వీధి పాత పుస్తకాల బజారులో చదువుకున్నవాళ్ళు తమ పుస్తకాల్నే తెచ్చి అమ్ముకున్నారు. ధరలు పెంచారన్న నేరం మోపి 1992 జులైలో ప్రభుత్వం 42 మంది వర్తకుల్ని చంపించింది. ధరలు తగ్గలేదు. నోటు ముద్రణ ఆపకుండా వర్తకుణ్ణి చంపితే ఎలా తగ్గుతాయి?

ఇంత చీకట్లోనూ ఆ దేశం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1991 బాంబుదాడుల్లో విద్యుత్ కేంద్రాలు, వంతెనలు నేలమట్టమయ్యాయి. ఇరాకీ ఇంజనీర్లు విడిభాగాల దిగుమతి లేకుండానే, ఒక యంత్రంలోంచి పీకి ఇంకోదానికి బిగించి, ఏడాది తిరిగేసరికి కరెంటు చాలా చోట్లకు తిరిగి తెచ్చారు. బాగ్దాద్‌లో జుమ్హూరియా వంతెన మళ్ళీ నిలబడింది. 1990 సెప్టెంబరులోనే మొదలైన రేషన్ వ్యవస్థ కూడా అలాంటిదే. పిండి, బియ్యం, చక్కెర, టీ, నూనె, నలభై వేలకు పైగా చౌకడిపోల ద్వారా దేశమంతా పంచారు. మన చౌకడిపోల తిప్పలు దగ్గరగా చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను, యుద్ధంలో చితికిన దేశంలో నెలనెలా అది ఆగకుండా నడవడం సామాన్యం కాదు. చాలా ఇళ్ళను బతికించింది అదే. అయితే ఆ కార్డు ప్రభుత్వం చేతిలో ఉంది. తిండి కోసం జనం సద్దాం మీద మునుపటి కంటే ఎక్కువగా ఆధారపడ్డారు. ఆంక్షలు పెట్టినవాళ్ళు కోరుకున్నది ఇది కాదు.

1995లో భద్రతా మండలి 986వ తీర్మానం చేసింది. చమురు అమ్ముకోవచ్చు, డబ్బు మాత్రం ఐక్యరాజ్యసమితి ఖాతాలో పడుతుంది, దాంతో తిండి, మందులు తెచ్చుకోవాలి. బాగ్దాద్ ఏడాదికి పైగా మొరాయించింది. 1996 మొదట్లో చర్చలకు ఒప్పుకుందన్న కబురుకే, ఒక్క బారెల్ కూడా కదలకముందే, బజారులో దినార్ విలువ ఎగిరింది. ఆ డిసెంబరులో చమురు కదిలింది, 1997 మార్చిలో తిండి ఓడలు దిగాయి. మొదట ఆరు నెలలకు 200 కోట్ల డాలర్ల పరిమితి. 1998లో దాన్ని 526 కోట్లకు పెంచారు, 1999 చివర ఎత్తేశారు. 2000 నాటికి ఉత్పత్తి మళ్ళీ రోజుకు 25 లక్షల బారెళ్ళు దాటింది. రేషన్ పెరిగింది. దినార్ పతనం ఆగింది.

కోలుకోవడం అంటే ఇదేనా అని అడిగితే, కాదంటాను. ఆ ఖాతాలోని డబ్బుతో బయటి సరుకు కొనవచ్చు గానీ దేశంలో ఎవరికీ జీతం ఇవ్వడానికి వీల్లేదు, ఇరాకీ రైతు గోధుమ కొనడానికీ వీల్లేదు. రేషన్ పిండి ఓడల్లో వచ్చి దాదాపు ఉచితంగా పంచుతుంటే సొంత రైతు పంటకు గిరాకీ ఎక్కడిది? తిండి దొరికింది, పని దొరకలేదు. పంతులు జీతం కొద్ది డాలర్లే. మరోపక్క దొడ్డిదారి వ్యాపారం బాగా బలిసింది. టర్కీ సరిహద్దులో ట్యాంకర్ల బారులు, 2000 తర్వాత సిరియా పైపులైను. 2005లో ఐక్యరాజ్యసమితి నియమించిన పాల్ వోల్కర్ కమిటీ లెక్క తీస్తే, 2,200కు పైగా కంపెనీలు 180 కోట్ల డాలర్లు సద్దాం ప్రభుత్వానికి లోపాయికారీగా ముట్టజెప్పాయని తేలింది. ఆ నివేదికలో పేరు రావడంతోనే అప్పటి మన విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ పదవి పోయింది. ఆంక్షల కాలంలో సరిహద్దుకు, అధికారానికి దగ్గరున్నవాళ్ళు కోలుకున్నారు. నెలజీతం మీద బతికినవాళ్ళు కోలుకోలేదు.

ఆ చమురు డబ్బులో మన వాటా కూడా ఉంది. అమ్మకంలో వంద డాలర్లొస్తే అందులో ముప్ఫై, 2000 డిసెంబరు నుంచి ఇరవై ఐదు, కువైట్ దాడిలో నష్టపోయినవాళ్ళ పరిహారానికి పోయేది. అలా నష్టపోయినవాళ్ళలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పనికి పోయినవాళ్ళెందరో. 1990లో లక్ష మందికి పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికి చేర్చారు. ఏళ్ళ తర్వాత వాళ్ళకు పరిహారం వచ్చింది. ఒంటరి మనిషికి రెండున్నర వేల డాలర్లు, ఇంకో రకం క్లెయిము వేయనన్నవాళ్ళకు నాలుగు వేలు. ఆ డబ్బుతో మా కౌంటరుకు వచ్చిన ఒకామె నాకు గుర్తు. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి, కట్టుగుడ్డలతో తిరిగొచ్చిన మనిషి.

“ఈ లెక్క ఎవురిచ్చినారు సార్, మన గవుర్మెంటా?”

“కాదమ్మా. ఇరాక్ చమురు అమ్మిన డబ్బులోంచి తీసి ఇచ్చినారు.”

“వాళ్ళకే తిండి లేదంటా ఉండారు గదా సార్?”

ఆమెది న్యాయమైన డబ్బు. పోగొట్టుకున్న జీతం, వదిలేసి వచ్చిన పెట్టె, దాచుకున్న దినార్లు, వాటికి ఆ మొత్తం ఎక్కువేం కాదు. ఆమెకు అది దక్కాలనే నేను ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని చెల్లించింది కువైట్ మీదికి సైన్యాన్ని పంపినవాడు కాదు. రేషన్ పిండితో బతుకుతున్న బాగ్దాద్ మనిషి. ఆమె అడిగినదానికి జవాబు నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

2003లో అమెరికా దాడితో సద్దాం ప్రభుత్వం కూలింది. మే 22న 1483వ తీర్మానంతో వ్యాపార ఆంక్షలు పోయాయి. అక్టోబరు 15 నుంచి మూడు నెలల్లో నోట్లు మార్చారు. కొత్త నోట్లు 27 పెద్ద విమానాల్లో దిగాయి. బాగ్దాద్ దినారుకు ఒకటికి ఒకటి ఇచ్చారు. అంటే 1989లో పదివేల దినార్లు దాచుకున్నవాడికి అధికారిక ధర లెక్కన 32 వేల డాలర్లుండేవి. 2004 మొదట్లో అదే పదివేలు మారిస్తే ఏడు డాలర్లు చేతికొచ్చాయి. అచ్చు యంత్రం తినేసింది ఎవరికీ తిరిగి రాలేదు. కువైట్ పరిహారం మాత్రం చమురు డబ్బులోంచి, శాతం తగ్గినా, ఆ తర్వాతా చాలా ఏళ్ళు పోయింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. చివరి వాయిదా తీరింది 2022 జనవరిలో.