మెతుకు లెక్క

రాస్‌సుందరీ దేవి అనగానే మనకు గుర్తొచ్చేది వంటింట్లో దాచుకున్న ‘చైతన్య భాగవతం’ పుట. బెంగాలీలో స్త్రీ రాసిన తొలి ఆత్మకథ ‘ఆమార్ జీబన్’ ఆమెదే. దొంగచాటుగా అక్షరాలు కూడబలుక్కున్న వైనాన్ని సాహిత్య చరిత్ర మెచ్చుకుంది, సరే. ఆ చదువుకు తీరికనివ్వని పగళ్ల మాటేమిటి?

పన్నెండుమంది పిల్లలు. పద్దెనిమిదో ఏట తొలి కాన్పు, నలభై ఒకటో ఏట ఆఖరిది. ఒకసారి తినబోతుంటే అతిథి వచ్చాడు. మళ్లీ కూర్చుంటే బిడ్డ లేచి ఏడుపు. అలా రెండురోజులు నోట మెతుకు పడలేదు. (ఇద్దరు పిల్లల అల్లరి మధ్య నాకు పూటకో పేరా సాగితే గొప్ప.)

దీన్ని తల్లి ఓర్పుగా చదివేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అన్నం ముందునుంచి ఎందుకెందుకు లేవాల్సి వచ్చిందో వరసగా గుర్తుపెట్టుకుని, ముసలితనంలో అచ్చులోకి ఎక్కించిందామె.