వైద్యాపరాధము - నష్టపరిహారము

వైద్యుని చేతి తప్పునకు శిక్ష యేమి యను ప్రశ్న మన ధర్మశాస్త్రములకు క్రొత్తది కాదు. ప్రాణాపాయకరమైన రోగమని ముందుగా తెలియజేయకయే చికిత్సకు పూనుకొనిన వైద్యుని చేతిలో రోగి మరణించినచో మూడు తరగతుల జరిమానాలలో అల్పమైన పూర్వసాహసదండమును, చికిత్సాదోషముననే మరణించినచో మధ్యమదండమును కౌటిల్యుడు విధించి, మర్మస్థానము దెబ్బతినినను అంగవైకల్యము కలిగినను దానిని దండపారుష్యముగా, అనగా ఒడలిపై చేయిచేసికొన్న నేరముగా, ఎంచుమనెను. యాజ్ఞవల్క్యుడు రోగినిబట్టి తూకము మార్చెను: పశువునకు తప్పుచికిత్స చేసినవానికి ప్రథమసాహసము, మనుష్యునకు చేసినవానికి మధ్యమము, రాజపురుషునకు చేసినవానికి ఉత్తమము. సర్కారు ఉద్యోగి కడుపు సామాన్యుని కడుపుకంటె ఖరీదైనదని ఇంత నిస్సంకోచముగా ఒప్పుకొన్న స్మృతికర్తను మెచ్చుకొనక తప్పదు. నేటివారు ఆ మాట పైకి అనరు.

అయితే ఈ దండములన్నియు రాజుగారి బొక్కసమునకు చేరునవే. దెబ్బకొట్టినవాడు దెబ్బతిన్నవాడు కోలుకొనువరకు అగు ఖర్చు భరింపవలెనని మనువు దండపారుష్యప్రకరణమున చెప్పి, దానికి సముత్థానవ్యయమని చక్కని పేరు పెట్టియు, వైద్యుని దోషమును పేర్కొన్న శ్లోకమున మాత్రము ఆ మాట ఎత్తలేదు. అనుమతి సంగతియు ఇట్టిదే. అశ్మరిని, అనగా మూత్రాశయమందలి రాతిని, కోసి తీయనిచో చావు నిశ్చయము, తీసినను బ్రతుకు సందేహము గనుక ప్రభువునడిగి మరీ కత్తి పట్టుమని సుశ్రుతుడు శస్త్రవైద్యుని హెచ్చరించెను. ఆనాడు అడుగవలసినది ప్రభువును.

నష్టపడినవాడే వాదియై ధనము కోరు పద్ధతి ఆంగ్లేయుల న్యాయస్థానములతో మనకు వచ్చినది. ప్రమాదమున మరణించినవాని కుటుంబము దావా వేయుటకు 1855 నాటి చట్టము వీలు కల్పించినను, వైద్యునిపై దావా వేసి గెలిచినవారు చిరకాలము అరుదు. కారణము దుర్గ్రాహ్యము కాదు: ఆపరేషను గదిలో జరిగినది చెప్పగల సాక్షులందరు కత్తి పట్టినవారి పక్షమువారే, రోగియా, మత్తులో నుండును. 1953 మే నెలలో కొంకణతీరమున తొడయెముక విరిగిన ఇరువదేండ్ల యువకుని పూనాకు తేగా, వైద్యుడు మత్తుమందీయక మార్ఫియాతోనే సరిపెట్టి, కాలు బలముగా లాగి కట్టు వేసెను. నాటి రాత్రియే యువకుడు మరణించెను. తండ్రి స్వయముగా వైద్యుడగుటచేత జరిగిన దేమో గ్రహింపగలిగి వ్యాజ్యెము నడపెను. సుప్రీంకోర్టు 1968లో స్థిరపరచిన పరిహారము 3,000 రూపాయలు.

ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రి వ్యవహారము ఇంతకంటె దీర్ఘమైనది. 1963 జూలైలో ఒక ఇల్లాలు అచట ప్రసవించి, మూడు దినముల పిమ్మట సంతాననిరోధపు ఆపరేషను చేయించుకొనెను. జ్వరము, కడుపునొప్పి తగ్గకుండుటచే మరల కోసి చూడగా లోపల ఒక టవలు కనబడెను. తీసివేసిరి గాని ఆమె దక్కలేదు. క్రింది కోర్టు 36,000 రూపాయల డిక్రీ ఇచ్చెను, హైకోర్టు దానిని కొట్టివేసెను, సుప్రీంకోర్టు మరల నిలిపెను. అది 1996వ సంవత్సరము. టవలు తనంతట తాను కడుపులో దూరదు గదా యను సామాన్యజ్ఞానము చట్టమున కెక్కుటకు ముప్పదిమూడేండ్లు పట్టినది.

ఈలోగా వేరొక ద్వారము తెరచుకొనెను. 1986 నాటి వినియోగదారుల రక్షణచట్టము సబ్బునకును బీరువాకును ఉద్దేశింపబడినదని ఎల్లరు తలచుచుండగా, రోగులు ఫిర్యాదు చేసి దాని ఫోరములకు వైద్యులను పిలిపించినపుడు, మేము దుకాణదారులమా యని వైద్యసంఘము ఆగ్రహించెను. రుసుము తీసికొని చేయు వైద్యము సేవయే యని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తేల్చెను. ఎల్లరకు ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రులను మాత్రము మినహాయించుటచే, వానినే ఆశ్రయించు బీదలకు పాత సివిలు కోర్టే గతియైనది.

హైదరాబాదున పుట్టిన ఒక వ్యాజ్యెము ఈ క్రొత్తదారిని పోయినదే. 1990లో ఒక ఇంజనీరింగు విద్యార్థికి నిమ్స్ ఆసుపత్రిలో ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట అతని నడుము దిగువ చచ్చుపడెను. పరీక్షకై కొంత కండ తీయుటకు ఇచ్చిన అనుమతి కణితిని సమూలముగా తొలగించుటకు చెల్లదనియు, నాడీశస్త్రవైద్యుడు లేకయే కత్తి పట్టుట నిర్లక్ష్యమనియు న్యాయస్థానము నిర్ణయించెను. సుశ్రుతుడు ప్రభువు నడుగుమన్న ప్రశ్నకు ఇపుడు ప్రభువు రోగియే. జాతీయ వినియోగదారుల కమిషను 1999లో ఇచ్చిన పదిహేనున్నర లక్షలు చాలవని అతడు సుప్రీంకోర్టుకు పోయి, చక్రములకుర్చీలో కూర్చుండి తన వాదము తానే వినిపించెను. 2009 మే 14న న్యాయమూర్తులు మోటారు ప్రమాదములలో పరిహారము కట్టు గుణకారపు లెక్కను ప్రక్కకు నెట్టి, డ్రైవరునకు, నర్సుకు, ఫిజియోథెరపీకి నెలకింత యని ముప్పదియేండ్ల ఖర్చు కట్టి, పోయిన సంపాదనయు పడిన బాధయు చేర్చి, కోటి రూపాయలు వడ్డీతో ఇప్పించిరి. మనువు చెప్పిన సముత్థానవ్యయము వైద్యుని పద్దులోనికి ఈ విధముగా ఎక్కినది. కాని ఆ యువకునికి మాత్రము సముత్థానము, లేచి నిలుచుట, లేనేలేదు.