నవ్వుల మాటున

అమెరికన్ కాలేజీ హాస్య చిత్రాల్లో 1984 నాటి ‘రివెంజ్ ఆఫ్ ది నెర్డ్స్’కి పెద్ద పేరుంది. ఆటగాళ్ళ ఎగతాళికి గురైన పుస్తకాల పురుగులు ఒక్కటై గెలుస్తారు. ఆ స్నేహం నాకూ నచ్చింది. కానీ ఆ గెలుపు ఎవరి మీద? వాళ్ళు అమ్మాయిల హాస్టల్లో రహస్యంగా కెమెరాలు పెడతారు. కథానాయకుడు లూయిస్ ముసుగు వేసుకుని, ప్రియుడే అనుకున్న బెట్టీని మోసంతో అనుభవిస్తాడు. నిజం తెలిశాక ఆమె మురిసిపోయినట్టు చూపించారు.

చట్టమూ తక్కువేం కాదు. కాలిఫోర్నియాలో 1872 నాటి చట్టం ప్రకారం భర్తనని నమ్మించి మోసగిస్తే అత్యాచారం. ప్రియుడినని నమ్మిస్తే కాదు. 2013లో గానీ దాన్ని సవరించలేదు. అంటే అది కాపాడింది స్త్రీ సమ్మతిని కాదు, భర్త హక్కుని.

ఓడినవాళ్ళు గెలిస్తే సంతోషమే. బహుమతిగా స్త్రీ శరీరాన్ని ఇవ్వడానికి వీళ్ళెవరు?